ఆ రెండో ప్రశ్న కూడా అడిగి ఉంటే

సంపాదకులకు,

పర్లాకిమిడిలో ముప్పై నాలుగేళ్లు పోస్ట్‌మ్యాన్‌గా చేశాను. అందుకేనేమో, గత నెల మా ఆవిడ మందుచీటీ మీద ఎఫ్32.1 అని చూసి ఊరుకోలేకపోయాను. పిన్‌కోడ్‌లా ఇదీ ఏదో చిరునామాయే అనిపించి డాక్టరమ్మనే అడిగాను. ఎఫ్ అంటే మానసిక సమస్యలు, 32 అంటే డిప్రెషన్, చివరి 1 అంటే మధ్యస్థం. అక్కడ సున్నా ఉంటే స్వల్పం, 2 ఉంటే తీవ్రం. తగ్గి మళ్లీ వస్తే 33 అవుతుందట.

ఈ చిరునామా దొరకడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది.

మొదట చూపించిన ఆసుపత్రిలో డాక్టరుగారు కుర్రవారు, మంచివారే. మనసు బాగోలేదా అని ఒడియాలో అడిగారు, "మన ఖరాప్ లాగుచి కి?" అని. ఈవిడ "నా" అంది, అంటే లేదని. ఆమెకు కూరగాయల బేరానికి సరిపడా ఒడియా వచ్చు, బాధ చెప్పుకునే ఒడియా రాదు. ఆ మాటకొస్తే తెలుగులో అడిగినా దిగులని ఒప్పుకునేది కాదేమో. గుండె దడ, అరికాళ్ల మంటలు, నిద్ర పట్టకపోవడం, ఇవే చెప్పింది. ఈసీజీ బాగుందన్నారు. గ్యాస్ మాత్రలు రాశారు.

చివరికి పాతపట్నం మీదుగా శ్రీకాకుళం తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ దిగులు ఊసే ఎత్తలేదు. "ఏం చేస్తే మీకు సరదాగా ఉండేదమ్మా?" అన్నారు. మల్లెపాదు అంది ఈవిడ. ఇప్పుడెలా ఉందంటే, "ఎండిపోనాది. నీళ్లు పొయ్యబుద్ధి కాలేదు" అంది. ఆ పాదు పక్కనే కూర్చుని రోజూ మీ పేపరు చదివాను, నాకూ తట్టలేదు.

ఆ తర్వాత ఆకలి, నీరసం, తప్పంతా తనదే అనిపించడం, చావు ఆలోచనలు, అన్నీ అడిగారు. రెండు వారాలు, దాదాపు రోజూ ఉన్నాయా అని మరీ మరీ అడిగారు. ఎప్పుడైనా నిద్ర లేకపోయినా విపరీతమైన హుషారు వచ్చిందా అని కూడా. వచ్చి ఉంటే జబ్బు వేరు, మందూ వేరట. థైరాయిడ్, రక్తహీనత పరీక్షలయ్యాకే ఆ కోడ్ రాశారు.

2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లోనూ దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, ఈ రెంటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా లక్షణాలు చూడాల్సిందే. మొదటి ప్రశ్నకు "నా" అన్నంత మాత్రాన వదిలెయ్యకూడదు.

మానసిక సమస్యలకు ప్రభుత్వం పెట్టిన సహాయ ఫోన్ టెలిమానస్ 14416కు చేస్తే భాష ఎంచుకోవచ్చు, ఓపీ గదిలో ఆ వీలు లేదు. గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల ఆసుపత్రుల్లో ఈ ప్రశ్నలు తెలుగులో అచ్చువేసి పెట్టాలని అధికారులను కోరుతున్నాను. మా ఆవిడకు చదువు రాదు కాబట్టి, చదివి వినిపించడానికి తెలుగు వచ్చిన నర్సమ్మ కూడా ఉండాలి.

ఒక విశ్రాంత పోస్ట్‌మ్యాన్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా