షాఖ్తార్‌కు సొంత మైదానం ఎక్కడ?

సంపాదకులకు నమస్కారం.

క్రీడల పేజీలో ఉక్రెయిన్ ఫుట్‌బాల్ జట్టు షాఖ్తార్ దోనెత్స్క్ స్కోరు వేసి 'సొంతగడ్డపై ఓటమి' అని హెడ్డింగ్ పెడుతుంటే బాధేస్తుంది సార్. 1936లో 'స్తఖానొవెత్స్' పేరుతో మొదలైన బొగ్గుగని కార్మికుల జట్టు అది. 2009లో ఇస్తాంబుల్‌లో, అదనపు సమయంలో జాడ్సన్ కొట్టిన గోల్‌తో జర్మనీ జట్టు వెర్డర్ బ్రెమెన్‌ను 2-1తో ఓడించి యూరప్ క్లబ్బుల పోటీ యూఈఎఫ్ఏ కప్ ఎత్తుకుంది, అదే ఏడాది దోనెత్స్క్‌లో యాభై వేల మంది పట్టే సొంత స్టేడియం దొన్బాస్ అరీనా కూడా తెరుచుకుంది, కానీ 2014లో యుద్ధం దోనెత్స్క్‌కు చేరాక ఆ స్టేడియంలో మళ్లీ ఆడిందే లేదు. అప్పట్నుంచి సొంత మ్యాచ్‌లు వేరే ఊళ్లలోనే: ల్వీవ్, ఖార్కివ్, కీవ్... 2022 తర్వాత యూరప్ పోటీలకైతే వార్సా, హాంబర్గ్! అయినా పేరులో దోనెత్స్క్‌ను వదులుకోలేదు. నాకు అదే కప్పు కన్నా గొప్ప. దయచేసి స్కోరు పక్కన మ్యాచ్ ఏ ఊళ్లో జరిగిందో ఒక్క లైను వేయండి.

– ఒక పాఠకుడు, విజయవాడ