ముప్పై ఒకటో కుర్రాడి కోసం: ఎన్‌సీఏఏ అధ్యక్షులు చార్లీ బేకర్ గారికి బహిరంగ లేఖ

చార్లీ బేకర్ గారికి నమస్కారం.

నేను పెన్సిల్వేనియాలోని లీహై వ్యాలీలో ఉంటున్న ఒక తెలుగు తల్లిని. ఈ ఉత్తరం ఇంగ్లీషు ప్రతి, అమెరికాలో కాలేజీ ఆటలను నడిపే మీ ఎన్‌సీఏఏ ఆఫీసుకు విడిగా పంపాను. తెలుగులో ఎందుకు పెడుతున్నానంటే, మా ప్రాంతం రెజ్లింగ్ (కుస్తీ) టోర్నమెంట్లలో గోడకు అంటించే జాబితాల్లో ఈమధ్య మన ఇంటిపేర్లు ఒకటీ అరా కనిపిస్తున్నాయి. నేను ఆలస్యంగా తెలుసుకున్నవి ఆ పిల్లల అమ్మానాన్నలకు ముందే తెలియాలని నా ఆశ.

మాది విజయనగరం. కోడి రామమూర్తి నాయుడు గారు తిరిగిన ఊరు. ఆయన ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న కథ చెప్పకుండా మా తాతయ్య మమ్మల్ని నిద్రపోనిచ్చేవాడు కాదు. తాతయ్యా చిన్నప్పుడు కుస్తీ నేర్పే తాలింఖానాకు వెళ్లినవాడే. వస్తాదు ఎవరినీ ఫీజు అడిగేవాడు కాదట, గోదా మట్టి తవ్వి చదును చేస్తే చాలునట. మా అబ్బాయి ఆరో తరగతిలో రెజ్లింగ్‌లో చేరతానన్నప్పుడు మా ఆయన చదువు పాడవుతుందని భయపడ్డారు. నాకు మాత్రం తాతయ్య గుర్తొచ్చాడు. సరేనన్నాను.

తర్వాత ఏడేళ్లు మా ఇల్లు వాడి బరువు చుట్టూనే తిరిగింది. పోటీ ముందురోజు రాత్రి అన్నం కంచం పక్కకు నెట్టేసేవాడు. బరువు చూపించి వచ్చాక, తెల్లవారుజామున కారులోనే నేను డబ్బాలో పట్టుకెళ్లిన ఇడ్లీలు తినేవాడు. ఒకరోజు చెవి వాచి గడ్డకట్టి వచ్చాడు. రెజ్లర్లందరికీ అలాగే అవుతుందని కోచ్ నవ్వుతూ చెప్పాడు. నేను బాత్రూములోకి వెళ్లి ఏడ్చాను. ఆ చెవి ఇప్పటికీ అలాగే ఉంది. వాడికి అదంటే గర్వం.

వాడు స్టేట్ ఛాంపియన్ కాదు. 2023లో ఒక డివిజన్ 1 (కాలేజీ ఆటల్లో పై స్థాయి) కాలేజీలో వాక్-ఆన్‌గా చేరాడు. అంటే స్కాలర్‌షిప్ లేదు, ఫీజు మొత్తం మాదే, జట్టులో మాత్రం చోటు ఉంటుంది. "నాలుగేళ్లూ నీకు మా ప్రాక్టీస్ రూములో చోటుంది" అని కోచ్ మా ఇంట్లో, మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చెప్పాడు. కాగితం మీద ఏదీ లేదు. కాగితం అడగాలని మాకు తెలియదు.

2025 మార్చి 22న నేనూ మా అబ్బాయీ ఫిలడెల్ఫియా వెళ్లి మీ నేషనల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ చూశాం. హెవీవెయిట్‌లో టోక్యో ఒలింపిక్ ఛాంపియన్ గేబుల్ స్టీవ్‌సన్ 4-2 ఆధిక్యంలో ఉండగా, ఆఖరి సెకన్లలో వయట్ హెండ్రిక్సన్ కాలు పట్టి పడేశాడు. టేక్‌డౌన్‌కు 3 పాయింట్లు, 5-4. హాలంతా లేచి నిలబడింది. మా అబ్బాయి నా చెయ్యి పట్టుకుని ఎగిరాడు. అది జరిగిన కొన్ని వారాలకే వాడికి కాలేజీ నుంచి ఫోన్ వచ్చింది. కొత్త నియమం వల్ల జట్టులో 30 మందికి మించి ఉంచకూడదని, వాడికి చోటు లేదని చెప్పారు. ఫోన్ మాట్లాడింది రెండు నిమిషాలు.

ఆ నియమం ఎక్కడిదో మీకు చెప్పాల్సిన పని లేదు. మా వాళ్ల కోసం చెబుతున్నాను. ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద సంపాదించుకోవచ్చని ఎన్‌సీఏఏ 2021 జులై 1న ఒప్పుకుంది. అంతకుముందు ఆటగాళ్లకు రాకుండా పోయిన డబ్బు మీద, హౌస్ అనే ఆటగాడి పేరుతో కేసు నడిచింది. 2025 జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఆ కేసులో రెండు పక్షాలకూ కుదిరిన ఒప్పందాన్ని ఆమోదించారు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో దాదాపు 280 కోట్ల డాలర్లు ఇవ్వాలి. ఇప్పటి ఆటగాళ్లకు ఒక్కో కాలేజీ మొదటి ఏడాది సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చు. దాంతోపాటే ఒప్పందంలో చేరిన కాలేజీల్లో ప్రతి ఆటకూ జట్టు పరిమితి వచ్చింది. ఫుట్‌బాల్‌కు 105. రెజ్లింగ్‌కు 30.

పాత పద్ధతిలో రెజ్లింగ్‌కు గరిష్ఠంగా 9.9 స్కాలర్‌షిప్‌లు ఉండేవి. వాటిని ముక్కలు చేసి పంచేవారు. ఒకడికి సగం, ఇంకొకడికి పుస్తకాల ఖర్చు, మిగిలినవాళ్లకు ఏమీ లేదు. కానీ రూములో ఎంతమంది ఉండాలన్న లెక్క లేదు. ఇప్పుడు స్కాలర్‌షిప్‌ల పరిమితి పోయి మనుషుల పరిమితి వచ్చింది. 30 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు అంటున్నారు. ఎన్ని కాలేజీలు ఇవ్వగలవు? ఉన్న డబ్బులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్‌కు పోతుందని అందరికీ తెలిసిందే. ఇస్తారో లేదో తెలియని స్కాలర్‌షిప్ కోసం, రూపాయి ఖర్చు పెట్టించని పిల్లలను బయటికి పంపారు.

30 అనే అంకె రెజ్లింగ్ రూమును ఎప్పుడూ చూడనివాళ్లు వేసింది అనిపిస్తుంది నాకు. పోటీలో 10 బరువు విభాగాలు ఉంటాయి, 125 పౌండ్ల నుంచి 285 దాకా. ముప్పైని పదితో భాగిస్తే బరువుకు ముగ్గురు. 125 పౌండ్ల కుర్రాడు 197 పౌండ్ల వాడితో సాధన చేయలేడు, మెడ విరుగుతుంది. ఆ ముగ్గురిలో ఒకడికి మోకాలు పోతుంది, ఒకడికి చర్మవ్యాధి వచ్చి రెండు వారాలు మ్యాట్ ఎక్కనివ్వరు. ఇక మిగిలినవాడు ఎవరితో పట్టు పట్టాలి? ఛాంపియన్‌ను కోచ్ ఒక్కడే తయారుచేయడు. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు అతని కింద పడి, లేచి, మళ్లీ పడే కుర్రాడు తయారుచేస్తాడు. ఎడమ కాలు ముందు పెట్టేవాడు ఒకడు, పొడుగు చేతులవాడు ఒకడు, పట్టు వదలని మొండివాడు ఒకడు, ఇలా రకరకాలవాళ్లు కావాలి. మా అబ్బాయి రెండేళ్లు చేసింది అదే పని. వాడి పేరు స్కోరుబోర్డు మీద ఎక్కలేదు. వాడితో సాధన చేసినవాడు నేషనల్స్‌కు వెళ్లాడు.

డబ్బు మీద నాకు కోపం లేదని గట్టిగా చెప్పాలి. చెవులు నలిగిపోయేలా కష్టపడే పిల్లలకు నాలుగు డబ్బులు రావడం న్యాయం. అది కోర్టులు చెప్పేదాకా ఎందుకు ఆగారనే నా ప్రశ్న. స్టాండ్స్‌లో నా చుట్టూ కూర్చునే తండ్రులు మూడేళ్లుగా దీని మీదే కొట్టుకుంటున్నారు. మా రాష్ట్రంలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ ఛాంపియన్‌షిప్‌లను డబ్బు పెట్టి కొంటోందని ఒకరు అంటారు. నాకు ఆ మాట నచ్చదు. కేల్ శాండర్సన్ ఆటగాడిగా 159 బౌట్లు ఆడి ఒక్కటీ ఓడిపోనివాడు. 2009లో పెన్ స్టేట్‌కు కోచ్‌గా వచ్చి, 2011 నుంచి 2019 మధ్య 8 టీమ్ టైటిళ్లు గెలిచాడు. అప్పటికి ఆటగాడు తన పేరు మీద ఒక్క డాలరు తీసుకుంటే బహిష్కరించే రోజులు. 2025లో అతని పది మంది ఆటగాళ్లూ ఆల్-అమెరికన్లు అయ్యారు, అంటే నేషనల్స్‌లో తమ బరువులో మొదటి ఎనిమిది మందిలో నిలిచారు. దీన్ని డబ్బు ఖాతాలో వేయడం ఆ మనిషికి అన్యాయం.

కాలేజీలు మారడం తప్పని ఇంకొకరు అంటారు. అదీ నేను ఒప్పుకోను. ఫిలడెల్ఫియాలో గెలిచిన పది మందిలో కనీసం నలుగురు వేరే కాలేజీలో మొదలుపెట్టి మారినవాళ్లే: హెండ్రిక్సన్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ నుంచి, డీన్ హమిటి విస్కాన్సిన్ నుంచి ఓక్లహోమా స్టేట్‌కు వచ్చారు. స్టీఫెన్ బ్యుకానన్ అయోవాకు, మిచెల్ మెసెన్‌బ్రింక్ పెన్ స్టేట్‌కు మారారు. ఓక్లహోమా స్టేట్ కోచ్ డేవిడ్ టేలర్ మన వాళ్లకు గుర్తుండాలి. టోక్యో సెమీస్‌లో మన దీపక్ పునియాను 10-0తో ఓడించింది ఆయనే. అలాంటి గురువు దగ్గరికి వెళ్తానంటే ఏ కుర్రాడిని ఆపగలం? మరోపక్క పార్కర్ కెకైజెన్ అనే కుర్రాడు నార్తర్న్ అయోవా అనే చిన్న కాలేజీలోనే ఉండిపోయి 2024లో ఛాంపియన్ అయ్యాడు. వెళ్లినవాడిదీ ఉండిపోయినవాడిదీ ఇద్దరిదీ సొంత ఇష్టమే. మా అబ్బాయిది ఇష్టం కాదు. నా బాధంతా అక్కడే ఉంది.

జడ్జి గారు ఏప్రిల్‌లో ఒప్పందాన్ని ఆపి, తీసేసిన పిల్లల సంగతి తేల్చమన్నారు. ఆ వార్త చదివిన రోజు మేం గుడికి వెళ్లాం. చివరికి తేలిందేమిటంటే, అలాంటి పిల్లలను వెనక్కి తీసుకున్నా 30 లెక్కలోకి రారు, కానీ తీసుకోవాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. మా వాడి కాలేజీ తీసుకోలేదు. ఇంకో డివిజన్ 1 కాలేజీ వెతుక్కుందామంటే అప్పటికే జూన్, అడ్మిషన్ల గడువులు దాటిపోయాయి. ఇప్పుడు డివిజన్ 3 (కింది స్థాయి) కాలేజీలో ఉన్నాడు. కొన్ని క్రెడిట్లు పోయాయి, ఒక సెమిస్టరు అదనంగా చదవాలి. అక్కడి కోచ్ మంచివాడు. వాడు ఆడుతున్నాడు, నవ్వుతున్నాడు. కానీ ఆ ఫోన్ వచ్చిన ఎండాకాలం మూడు వారాలు గదిలోంచి బయటికి రాలేదు. తల్లిగా ఆ టెన్షన్ నేను మరిచిపోలేను.

మీరు ఎవరిని బయటికి పంపుతున్నారో మీకే తెలియదు, బేకర్ గారూ. ఆంథనీ రోబుల్స్ ఒంటి కాలితో పుట్టిన కుర్రాడు. హైస్కూల్లో దుమ్ము లేపినా పెద్ద కాలేజీలు అతని కోసం ఎగబడలేదు. అతను అరిజోనా స్టేట్‌లో ఉండగా 2008లో ఆ యూనివర్సిటీ రెజ్లింగ్ జట్టునే రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. దాతలు ముందుకొచ్చారు కాబట్టి కొద్దిరోజుల్లోనే నిర్ణయం మారింది. 2011లో అతను ఆ సీజన్‌లో ఒక్క బౌట్ కూడా ఓడకుండా 125 పౌండ్ల ఛాంపియన్ అయ్యాడు. స్టాన్‌ఫర్డ్ 2020లో జట్టును రద్దు చేస్తామంటే షేన్ గ్రిఫిత్ కాలేజీ గుర్తు లేని నల్ల సింగ్లెట్ (రెజ్లర్ల దుస్తు) వేసుకుని 2021లో ఛాంపియన్‌షిప్ గెలిచాడు. రెండు నెలల్లో స్టాన్‌ఫర్డ్ వెనక్కి తగ్గింది. అందరికీ అంత అదృష్టం ఉండదు. ఓల్డ్ డొమినియన్ జట్టు 2020లో పోయింది. క్లీవ్‌లాండ్ స్టేట్ 2025 జనవరిలో రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది.

మీరు మంచి చేయలేదని అనను. ఆడపిల్లల రెజ్లింగ్‌కు 2026 నుంచి మీ సంస్థ సొంత ఛాంపియన్‌షిప్ ఇచ్చింది. మా వీధిలోనే ఒక తెలుగమ్మాయి తొమ్మిదో తరగతిలో రెజ్లింగ్ మొదలుపెట్టింది. వాళ్లమ్మ నన్ను అడుగుతుంటుంది, ఏం చేయాలి అక్కా అని. ఆ తల్లికి నేనేం చెప్పాలో మీరు చెప్పండి.

30 అంకె కోర్టు ఒప్పందంలో భాగమని, మీరొక్కరే చెరిపేయలేరని నాకు తెలుసు. కానీ అవతలి లాయర్లతో కూర్చుని, ఏ డబ్బూ తీసుకోని వాక్-ఆన్‌లను ఆ లెక్కలోంచి తీసేద్దామని మీరు ప్రతిపాదించవచ్చు. వాళ్లు ఆటగాళ్ల తరఫు లాయర్లు. ఆటగాళ్లకు మేలు చేసే మార్పును వాళ్లు ఎందుకు కాదంటారు? మీరు మసాచుసెట్స్ గవర్నరుగా పనిచేశారు. ఇద్దరిని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టడం మీకు కొత్త కాదు.

రెండోది దానికన్నా తేలిక. రిక్రూట్‌మెంట్‌కు వచ్చిన కోచ్ ఇంట్లో కూర్చుని ఏం మాట ఇస్తాడో అది కాగితం మీద రాసి ఇవ్వాలి: ఎన్నేళ్లు చోటు, ఎంత స్కాలర్‌షిప్, ఏ పరిస్థితిలో తీసేస్తారు. 600 డాలర్లు దాటిన ప్రతి స్పాన్సర్ ఒప్పందాన్నీ ఆటగాడు రిపోర్టు చేయాలని, దాన్ని డెలాయిట్ అనే ఆడిట్ సంస్థ నడిపే వ్యవస్థ పరిశీలించాలని నియమం పెట్టారు కదా. పంతొమ్మిదేళ్ల కుర్రాడు ఒక జిమ్ ప్రకటనలో కనిపించి సంపాదించిన 700 డాలర్లకు లెక్క అడిగినప్పుడు, కాలేజీ తన 2 కోట్ల 5 లక్షల్లో రెజ్లింగ్‌కు ఎంత పెట్టిందో ఎందుకు చెప్పదు? ఆట వారీగా ఆ అంకెలు ప్రతి ఏడాదీ బయటపెట్టమనండి. అప్పుడు మా లాంటివాళ్లం ఏ కాలేజీ రెజ్లింగ్‌ను ఉంచాలనుకుంటోందో, ఏది వదిలించుకోవాలనుకుంటోందో చూసుకుని పిల్లలను పంపుతాం. స్టాండ్స్‌లో తండ్రుల గొడవ కూడా పుకార్ల మీద కాకుండా అంకెల మీద జరుగుతుంది.

ప్రతి ఏడాదీ నవంబరులో సీజన్ మొదలవుతుంది. దానికి ముందే జట్ల జాబితాలు ఖరారు చేస్తారు. ఆ రోజుల్లో ఏదో ఒక ఇంట్లో ఫోన్ మోగుతుంది. అక్కడ 31వ పేరుగా మిగిలిపోయిన కుర్రాడు ఉంటాడు. ఈసారి ఆ ఫోన్ వెళ్లకముందే నాకు మీ జవాబు కావాలి.

ఇట్లు,
ఒక రెజ్లర్ తల్లి
లీహై వ్యాలీ, పెన్సిల్వేనియా