సర్వర్ ఆగితే ఏ పరిమితి అడ్డొచ్చిందో ముందు చూడాలి

సంపాదకులకు నమస్కారం.

పరీక్షా ఫలితాలు వెలువడిన రోజునో, దరఖాస్తుల గడువు ముగిసే సాయంత్రమో వెబ్‌సైట్లు మొరాయిస్తే ‘సర్వర్ డౌన్’ అన్న రెండు మాటలతో వార్త ముగిసిపోతోంది. ఆ మాటల వెనుక ఒకదానితో ఒకటి సంబంధం లేని అనేక కారణాలు ఉండవచ్చు. అసలు కారణం తేల్చకుండా పెద్ద సర్వర్ కొనడం వల్ల చిన్న సంస్థల డబ్బు ఎంత వృథా అవుతుందో అనుభవంతో తెలిసినవాణ్ణి కనుక ఈ లేఖ రాస్తున్నాను.

గుంటూరు జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో కంప్యూటర్ల బాధ్యత చూస్తున్నాను. కొన్నేళ్ల క్రితం మా ప్రవేశాల వెబ్‌సైటును నెలవారీ అద్దెకు తీసుకున్న వర్చువల్ సర్వర్ మీద నడిపేవాళ్లం. ఒకే పెద్ద యంత్రాన్ని వాటాలు వేసి, ఒక్కో వాటాకు హద్దులు పెట్టి అద్దెకివ్వడమే వర్చువల్ సర్వర్ అంటే. ప్రవేశాల రోజుల్లో మా డేటాబేస్ ప్రతి సాయంత్రం ఆగిపోయేది. మెమరీ కేటాయించలేకపోయామన్న సందేశం వచ్చేది గాని, చూస్తే మెమరీ సగానికి పైగా ఖాళీగానే ఉండేది. అద్దెకిచ్చిన సంస్థను అడిగితే పై ప్లాన్‌కు మారమన్నారు. మారాం, అద్దె రెట్టింపయింది, మర్నాటి సాయంత్రం మళ్లీ అదే సందేశం వచ్చింది. దరఖాస్తు సగంలో ఆగిపోయిన పిల్లలు పల్లెల నుంచి బస్సెక్కి వచ్చి మా కార్యాలయం ముందు నిలబడుతుంటే వారికి ఏం చెప్పాలో నాకు తోచేది కాదు.

ఆ సర్వర్ ఓపెన్‌వీజెడ్ పద్ధతిలో నడిచేది. అందులో లినక్స్ కెర్నెల్, అంటే యంత్రాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, అద్దెదారులందరికీ ఒక్కటే. మెమరీతో పాటు ప్రాసెస్‌లు (నడుస్తున్న ప్రోగ్రాములు), తెరిచిన ఫైళ్లు, నెట్‌వర్క్ సాకెట్ల (కనెక్షన్ల కొసల) వంటి వాటికి కూడా ఒక్కో అద్దెదారుకు విడివిడిగా పరిమితులు ఉంటాయి. వాటి లెక్క యూజర్ బీన్‌కౌంటర్స్ అనే ఫైలులో కనిపిస్తుంది. ప్రతి వరుసలో ప్రస్తుత వాడకం, ఇంతవరకు చేరిన గరిష్ఠ వాడకం, పరిమితి ఉంటాయి. చిట్టచివర ఫెయిల్‌కౌంట్ అనే అంకె ఉంటుంది. పరిమితి అడ్డొచ్చి అడిగింది ఇవ్వకుండా ఎన్నిసార్లు నిరాకరించారో ఆ అంకె చెబుతుంది. అది తనంతట తాను తగ్గదు కనుక ఉదయం ఒకసారి రాసిపెట్టుకుని, సాయంత్రం ఏ వరుసలో పెరిగిందో పోల్చి చూడాలి. మా సర్వర్‌లో పెరిగింది మామూలు మెమరీ వరుస కాదు, కేమెమ్‌సైజ్ వరుస. మన ప్రాసెస్‌ల వివరాలు దాచుకోవడానికి కెర్నెల్ తన కోసం వాడుకునే మెమరీ అది. పై ప్లాన్‌లో మామూలు మెమరీని పెంచారు గాని, ఈ పరిమితిని ముట్టుకోలేదు.

మూలం వెతికితే విద్యార్థులకు ఈమెయిళ్లు పంపే స్క్రిప్టు దగ్గర తేలింది. అది ఐదు నిమిషాలకోసారి మొదలయ్యేది. మెయిల్ సర్వర్ నెమ్మదించినప్పుడు పాతది ముగియకుండానే కొత్తది మొదలై, సాయంత్రానికి వందల ప్రాసెస్‌లు పేరుకుపోయేవి. ఒకటి నడుస్తుండగా మరొకటి మొదలుకాకుండా చిన్న తాళం ఫైలు పెట్టాం. ఆ రోజు నుంచి డేటాబేస్ ఆగలేదు, పాత ప్లాన్ కూడా సరిపోయింది.

నేటి కంటైనర్లలో (ఒకే కెర్నెల్‌ను పంచుకునే వాటాల్లో) ఇలా పరిమితులు పెట్టే పని 2008లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన సీగ్రూప్స్ అనే ఏర్పాటు చేస్తోంది. పేర్లు మారాయి గాని, నిరాకరణల లెక్క ఇప్పటికీ ఉంది: మెమరీ ఈవెంట్స్ ఫైలులో మెమరీ చాలక చంపిన ప్రాసెస్‌ల సంఖ్య, సీపీయూ స్టాట్ ఫైలులో సీపీయూ వాడకానికి ఎన్నిసార్లు కళ్లెం వేశారన్న సంఖ్య కనిపిస్తాయి. చాలా కంటైనర్లలో ‘ఫ్రీ’ కమాండ్ మన వాటాను కాక మొత్తం యంత్రం మెమరీని చూపుతుంది. దాన్ని నమ్మి మెమరీ ఉందనుకున్నవారు ఎందరో. పూర్తి వర్చువల్ మెషీన్ (సొంత కెర్నెల్ ఉన్న వాటా) అయితే ‘టాప్’ కమాండ్‌లో ఎస్‌టీ అనే అంకెను చూడాలి. మన వంతు సీపీయూ సమయం ఎంత ఇతరులకు పోతోందో అది చెబుతుంది. అది ఎక్కువగా ఉంటే మన ప్రోగ్రామును ఎంత సరిదిద్దినా లాభం లేదు, అద్దెకిచ్చినవారినే నిలదీయాలి. డిస్కులో చోటుండగానే చోటు లేదన్న సందేశం వస్తే ఐనోడ్లు (ఒక్కో ఫైలుకు ఒకటి చొప్పున డిస్కులో ఉండే నమోదులు) అయిపోయాయేమో చూడాలి. లక్షల చిన్న ఫైళ్లు పేరుకుంటే అలా జరుగుతుంది.

లక్షలమంది ఒకే గంటలో ఫలితాలు చూసే చోట నిజంగానే పెద్ద ఏర్పాటు కావాలి, అందులో వాదన లేదు. కానీ కళాశాలలు, సహకార సంఘాలు, గ్రంథాలయాలు వాడే చిన్న సర్వర్ల విషయంలో లెక్క చూడకుండా ప్లాన్ మార్పించడం అన్యాయం. ప్లాన్ పత్రంలో మెమరీ, డిస్కు, సీపీయూల సంఖ్య మాత్రమే రాసి మిగతా పరిమితులను దాచిపెట్టడం అంతకన్నా అన్యాయం. ప్రభుత్వ విద్యాసంస్థలు సర్వర్లు అద్దెకు తీసుకునే టెండరు పత్రాల్లో ప్రాసెస్‌ల, ఐనోడ్ల, సీపీయూ వాటాల పరిమితులను రాతపూర్వకంగా ఇవ్వాలని, ప్లాన్ మార్చమని సూచించే ముందు ఏ పరిమితి ఎన్నిసార్లు అడ్డొచ్చిందో అంకెలతో చూపాలని ఒక నిబంధన చేర్చవలసిందిగా ఉన్నత విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక డిగ్రీ కళాశాల సర్వర్ నిర్వాహకుడు,
గుంటూరు జిల్లా