రియాద్‌ల షట్టర్లు ఇప్పుడు దించుతలేరంట

నల్లగొండ,
ఆదివారం పొద్దుమీకి

దోస్తూ,

నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను బస్టాండ్ల ఉన్న, ఒక్క ముక్క గూడ సక్కగ ఇనవడలే. "సౌదీల ఆడోళ్లు కార్లు నడుపుతున్నరంట, సినిమాలు ఆడుతున్నయంట, నిజమేనా?" అని అడిగితివి, అంతల లైను కట్టయింది. ఫోన్ల ఒడిశే ముచ్చట గాదని నిమ్మళంగ కూసోని రాస్తున్న. అద్దాలు పెట్టుకోని చదువు. జడ్చర్ల దిక్కు వానలు పడ్డయా? మేమైతే పత్తిగింజ పెట్టి మొగులు దిక్కు చూస్తున్నం.

నిజమేరా. మా అక్క కొడుకు రియాద్‌ల గోదాంల చేస్తుండు గదా, మొన్న అక్కడి బత్‌హా బజారు నుంచి వీడియో పంపిండు. ఇషా బాంగు, అంటే రాత్రి నమాజు పిలుపు, ఇనవడుతుంది, పక్కనే హోటల్ల పొయ్యి మండుతనే ఉంది, జనం తింటనే ఉన్నరు. వాడికి అదేం ఇచిత్రం గాదు. చాయ గ్లాసు చూపియ్యనీకి తీసిండు ఆ వీడియో. నాకు మాత్రం మనిద్దరం గుర్తొచ్చినం.

యాదికున్నదా, మనం రియాద్‌ల ఉన్నప్పుడు 2004ల ఆ రాత్రి? అప్పుడు బాంగు అయితే దుకాన్లు, హోటళ్లు బంద్ పెట్టాల్సిందే. నువ్వు పరోట తెంపి కూరల ముంచినవో లేదో, బాంగు అయింది. మలబారీ సేటు దబ్బున షట్టర్ దించిండు, లైట్లు బంద్. చీకట్ల ఎనిమిది మందిమి ఊపిరి బిగవట్టి కూసున్నం. బయట ముతవ్వాల, అంటే మత పోలీసుల, జీఎంసీ బండి ఆగిన సప్పుడు. "సలా! సలా!" అని, నమాజుకు పోన్రి అని కేక. షట్టర్ మీద కట్టెతోని రెండు దెబ్బలు. నీకు సరిగ్గ అప్పుడే దగ్గు రావాల్నా! నీ నోరు మూసేసరికి నా చెయ్యంత కూర. షట్టర్ లేసేటాలకు పరోట అట్టముక్క అయి కూసుంది. మనది వేరే మతం అని చెప్పినా ముతవ్వాలు ఇనేదుండెనా?

ఇప్పుడు ఆ ముతవ్వాలకు తరిమే అధికారం లేదు, పట్టుకునే అధికారం లేదు, ఇకామా, అంటే అక్కడుండే పర్మిట్ కార్డు, అడిగేది గూడ లేదు. 2016 ఏప్రిల్‌ల సర్కారే తీసేసింది. ఏమన్న కనబడితే పోలీసులకు చెప్పుకోవాలె, అంతే. అదే నెలల దేశాన్ని మారుస్తమని విజన్ 2030 అనే పెద్ద ప్లాన్ చెప్పిన్రు. 2018 ఏప్రిల్‌ల రియాద్‌ల సినిమా హాలు తెరిశిన్రు, జూన్ 24 నుంచి ఆడోళ్లకు స్టీరింగ్ ఇచ్చిన్రు. మసీదు మైకుల సౌండు మూడో వంతుకు మించొద్దని 2021ల ఆర్డరు ఏసిన్రు. మన దగ్గర గణపతి మండపం కాడ డీజే తగ్గియ్యమంటే ఎంత లొల్లి! అక్కడ ఒక్క కాగితం వచ్చింది, సౌండు తగ్గింది.

నాకు గులిగేది ఆ ఒక్క కాగితమే.

నా ముసలి కఫీల్‌ను, అంటే నన్ను డ్రైవర్ పనికి పెట్టుకున్న సౌదీ యజమానిని, దవాఖానకు తీస్కపోయేటప్పుడు కార్ల మనసు ఇప్పి మాట్లాడేటోడు. చిన్నతనంల జెద్దాల సినిమా చూసిన అంటే నేను నమ్మలే. మరేమైందంటే 1979 అనేటోడు. ఆ ఏడు నవంబర్ 20న మతం పిచ్చి ముదిరిన జుహైమాన్ అనేటోడు తుపాకులతోని మక్కా పెద్ద మసీదు ఆక్రమించిండు, ఇడిపియ్యనీకి రెండు వారాలు పట్టింది. పట్టుబడ్డోళ్ల తలలు తీసిన్రు. "తలలు తీసి, వాళ్లు అడిగింది ఇచ్చిన్రు" అనేటోడు ముసలాయన. మతపెద్దల నోరు మూపియ్యనీకి సినిమాలు బంద్, ముతవ్వాలకు పెత్తనం. అంటే అప్పుడు షట్టర్ దింపిందీ ఆ రాజు ఖాందానే, ఇప్పుడు లేపిందీ ఆ ఖాందానే. నడుమ మనసోంటోళ్లం చీకట్ల కూసున్నం.

ఆయనకు ఓసారి జాన్‌పహాడ్ ఉర్సు ముచ్చట చెప్పిన. మా అమ్మ నా కోసం మొక్కి దర్గ కాడ యాటను కోసి కందూరు చేసిందంటే, నవ్వు మొఖం నల్లగైంది. "గోరీకి మొక్కుడా? బయట ఎవలతోని అనకు" అన్నడు. కోపంతోని గాదు, భయపడి అన్నడు. మన ఊర్ల పీర్లెత్తి అసోయ్ దూలా అని ఎగిరినోళ్లల్ల సగం మందిమి మనమే గదా, అది ఆయనకు ఎట్ల చెప్పాలె! (ఈ మధ్య మా ఊర్ల గూడ పీర్ల గుండం కాడికి ఎందుకు పోవాలె అనే పోరగాళ్లు తయారైన్రు. రెండు దిక్కులా ఉన్నరు.)

2003 మే 12 రాత్రి నీకు చెప్పాల్సిన పని లేదు. రియాద్‌ల ఫారినోళ్లుండే కాంపౌండ్ల మీద అల్‌ఖైదా కారు బాంబులు, 30 మందికి పైగా సచ్చిపోయిన్రు. తెల్లారేసరికి అడుగుకో చెకింగ్. అండ్ల నుంచే సర్కారుకు అసలు భయం పట్టుకుంది. టెర్రరిస్టుల అడ్డాల మీద పోలీసులు దాడులు చేసిన్రు, మసీదులల్ల రెచ్చగొట్టే ఇమాములను తీసేసిన్రు. పట్టుబడ్డ పోరగాళ్లకు మతపండితులతోని నచ్చజెప్పిచ్చి, ఇంటోళ్లను పిలిపిచ్చి, పెండ్లికి, నౌకరీకి గూడ సాయం చేసి బయటికి పంపే కేంద్రం పెట్టిన్రు. అండ్ల కెల్లి పోయి యెమెన్‌ల అల్‌ఖైదాల కలిసినోళ్లూ ఉన్నరు. అయినా నాకు అది మంచి పనే అనిపిస్తది. కొట్టుడు ఒక్కటే తెలిసిన చోట మాట్లాడుడు మొదలుపెట్టిన్రు.

మరి మాట్లాడిన ఆడిపిల్లలను ఏం చేసిన్రో చూడు. లుజైన్ అల్ హత్‌లూల్ అని, ఆడోళ్లు కారు నడపాలె అని ఏండ్ల సంది కొట్లాడిన పిల్ల. స్టీరింగ్ ఇచ్చేటందుకు నెల ముందు, 2018 మేల, ఆమెను పట్టి జైల్ల ఏసిన్రు. ఇడిశింది 2021 ఫిబ్రవరిల. సర్కారూ, ఇస్తమని నువ్వే అంటివి, ఇయ్యమన్నోళ్లను ఎందుకు ఏస్తివిరా? అడిగితే వచ్చింది అని జనం అనుకోవద్దు, రాజు ఇచ్చిండు అనుకోవాలె. నాకైతే గట్లనే అనిపిస్తది.

మన ముచ్చట కొస్త. 2021 మార్చిల కఫీల్ రూల్సు మార్చిన్రు. మా మేనల్లుడు కఫీల్ సంతకం కోసం ఎవల కాళ్లు పట్టుకోకుండ, ఇంటికొచ్చి మళ్ల పోయే ఎగ్జిట్ రీఎంట్రీ కాగితం ఫోన్లనే తీసుకుండు. నాకు వాట్సాప్‌ల కాగితం పంపితే పావుగంట చూసిన. మా నాయిన పోయినప్పుడు అదే కాగితం కోసం 20 రోజులు ఆగిన. ముసలాయన ఆస్పత్రిల, ఆయన కొడుకు ఊర్ల లేడు, పాస్‌పోర్టు బీరువల. దినాలైనంక దిగిన ఇంట్ల. నాయిన ఫొటోకు ఏసిన దండ గూడ వాడిపోయింది.

ఇంకో మాట. ఆ కొత్త రూలు హౌస్ డ్రైవర్లకు, ఇంటి పనోళ్లకు, తోట పనోళ్లకు వర్తియ్యదన్నరు. ఆ లెక్కన నేను అక్కడుంటే మళ్ల 20 రోజులే. గోదాం పోరడికి ఒక లెక్క, నాకొక లెక్క.

మా అల్లుడు వచ్చే నెల 10న దిగుతుండు. భార్యను తీస్కపోత అంటుండు గని, కుటుంబం మనిషికి నెలకు 400 రియాళ్లు సర్కారుకు కట్టాలె అనేసరికి వేళ్ల మీద లెక్కలేస్తుండు. నువ్వు గూడ రా, వాణ్ని అడిగి అన్నీ తెలుసుకుందువు. వచ్చేటప్పుడు బత్‌హాల మనిద్దరం దిగిన ఫొటో తీస్కరా. నా కాడున్నదానికి చెదలు పట్టింది, నీ మొఖం కాడ బొక్క పడ్డది.

నీ
నల్లగొండ దోస్తు