లాగ్ ఫైలు మూగబోతే ఎవరికీ వినపడదు

సంపాదకులకు,

సాఫ్ట్‌వేర్ భద్రత గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే సలహాతో ముగుస్తాయి: పాత వెర్షన్ తీసేయండి, కొత్తది పెట్టండి. సలహాలో తప్పేమీ లేదు. ప్రోగ్రామ్ నడుస్తూ ఏం చేసిందో లాగ్ ఫైలులో రాసిపెట్టే లాగింగ్ లైబ్రరీ దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది సగం మాటే. వేరే లైబ్రరీ ఏదైనా వికటిస్తే అప్లికేషన్ పడిపోతుంది, పది నిమిషాల్లో అందరికీ తెలుస్తుంది. లాగింగ్ లైబ్రరీ వికటిస్తే అప్లికేషన్ హాయిగా నడుస్తూనే ఉంటుంది, రాయడం ఒక్కటే మానేస్తుంది. లాగ్ కావలసి వచ్చి వెతికిన రోజున గానీ ఆ సంగతి బయటపడదు.

జావాలో విరివిగా వాడే లాగింగ్ లైబ్రరీ లాగ్4జేనే తీసుకుందాం. దాని 1వ తరానికి 2015 ఆగస్టులోనే మద్దతు ఆగిపోయింది. 2021 డిసెంబరులో లాగ్4షెల్ లోపం బయటపడింది. తీవ్రత 10కి 10. లాగ్‌లోకి వెళ్లే వాక్యంలో ఎవరైనా ఒక జేఎన్‌డీఐ (జావా ప్రోగ్రామ్ పేరును బట్టి వనరులను వెతికే పద్ధతి) చిరునామా ఇరికిస్తే చాలు, సర్వర్ దాన్ని వెతుక్కుంటూ వెళ్లి బయటి కోడ్ తెచ్చుకుని నడిపేది. ఆ నెలలోనే సవరించిన వెర్షన్లు 2.15.0, 2.16.0, 2.17.0, 2.17.1 వరుసగా వచ్చాయి. అంటే మొదటి సవరణ పెట్టేసి చేతులు దులుపుకున్నవాళ్ల పని పూర్తి కాలేదన్నమాట. అసలు ప్రమాదం రాసే పనంతా చేసే లాగ్4జే కోర్ జార్‌లో (జార్ అంటే జావా కోడ్ మూటకట్టిన ఫైలు) ఉంది, ప్రోగ్రామ్ పిలిచే ఏపీఐ జార్‌లో కాదు. ఈ తేడా తెలియక ఏపీఐ వెర్షన్ ఒక్కటే పెంచి ఊరుకున్న ప్రాజెక్టులూ లేకపోలేదు.

కాబట్టి మొదటి పని, ఏ జార్లు ఉన్నాయో చూడటం. జావా ప్రాజెక్టులు కట్టే సాధనం మావెన్‌లో డిపెండెన్సీ ట్రీ (ఏ లైబ్రరీ దేన్ని వెంట తెచ్చిందో చూపే పట్టిక) తీస్తే, మీరు పెట్టనివి కూడా వేరే లైబ్రరీల తోకపట్టుకుని వచ్చినట్టు కనిపిస్తాయి. ఫైలు పేరుతో డిస్క్ అంతా వెతికితే సరిపోదు. ఒక జార్ లోపల ఇంకో జార్ దాగి ఉండొచ్చు. ఏపీఐ ఒక వెర్షన్, కోర్ మరో వెర్షన్ కాకుండా ఉండాలంటే లాగ్4జే బామ్‌ను (దాని జార్లన్నిటి వెర్షన్ల జాబితా) దిగుమతి చేసుకుని, వెర్షన్ సంఖ్య అక్కడ ఒక్కచోటే రాయడం మేలు.

1 నుంచి 2కు మారేటప్పుడు అందరూ పడే గుంట కాన్ఫిగరేషన్ ఫైలు, అంటే ఏది ఎక్కడ రాయాలో చెప్పే అమరికల ఫైలు. పాత లాగ్4జే.ప్రాపర్టీస్ ఫైలును కొత్తది మామూలుగా పట్టించుకోదు. అది చూసేది లాగ్4జే2 అనే పేరుతో మొదలయ్యే ఫైళ్లను. ఏదీ దొరక్కపోతే ఆగిపోదు, ఎర్రర్ స్థాయి సందేశాలను మాత్రమే కన్సోల్ మీదికి పంపుతుంది. అంతకన్నా తక్కువ తీవ్రత గల ఇన్ఫో, వార్న్ స్థాయి సందేశాలన్నీ గాలిలో కలిసిపోతాయి. వెతికే వరుసలో ఇంకో మెలిక ఉంది. టెస్ట్ అని పేరులో ఉన్న ఫైలుకు మొదటి పీట, ఆ తర్వాత ప్రాపర్టీస్, యామల్, జేసన్, చిట్టచివర ఎక్స్ఎంఎల్. మీ ఎక్స్ఎంఎల్ ఎంత శుభ్రంగా ఉన్నా, ఏదో జార్‌లోంచి వచ్చిన ప్రాపర్టీస్ ఫైలు దాన్ని తోసేయగలదు. అనుమానం వస్తే లాగ్4జే2.డీబగ్ సిస్టమ్ ప్రాపర్టీ పెట్టి ఒక్కసారి నడపండి. ఏ ఫైలు చదివిందో అదే చెబుతుంది.

ఎస్ఎల్ఎఫ్4జే (ప్రోగ్రామ్‌కూ, వెనక ఉండి అసలు రాసే లైబ్రరీకీ మధ్య నిలిచే పొర) వాడేవాళ్లది ఇంకో బాధ. 1.7 నుంచి 2.0కు వచ్చేసరికి వెనకున్న లాగర్‌ను కనిపెట్టే పద్ధతే మారిపోయింది. ముందున్నది 2.0 అయి వెనక పాత లాగ్‌బ్యాక్ (మరో లాగింగ్ లైబ్రరీ) 1.2 ఉంటే, మొదట్లో ‘ప్రొవైడర్లు కనపడలేదు’ అని ఒక హెచ్చరిక వస్తుంది, ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. అప్పుడు లాగ్‌బ్యాక్ 1.3కైనా ఆ పైకైనా వెళ్లాలి. వెనక ఉన్నది లాగ్4జే అయితే ఎస్ఎల్ఎఫ్4జే2 అని పేరులో ఉన్న వంతెన జార్ (ఒకదాని సందేశాన్ని మరోదానికి అందించేది) పెట్టాలి. ఆ వంతెననూ, దానికి ఎదురు దిశలో నడిచే వంతెననూ ఒకేచోట ఉంచకూడదు. ఉంచితే సందేశం ఇటునుంచి అటు, అటునుంచి ఇటు తిరుగుతూ స్టాక్ నిండిపోతుంది. అన్నిటినీ కలిపి ఒకే లావుపాటి జార్ కట్టేవాళ్లు లాగ్4జే తన భాగాల జాబితా ఉంచుకునే లాగ్4జే2ప్లగిన్స్ (.dat) ఫైళ్లు సరిగా కలిశాయో లేదో చూసుకోవాలి. ఒకదాని మీద ఒకటి పడితే, లాగ్ వాక్యం రూపాన్ని చెప్పే ప్యాటర్న్‌లోని గుర్తులే తనకు తెలియవంటుంది లాగ్4జే.

అన్నిటికన్నా ఖరీదైన పొరపాట్లు ఫైలు మార్పిడి దగ్గర, అంటే నిండిన లాగ్ ఫైలును పక్కన దాచి కొత్తది మొదలుపెట్టే చోట జరుగుతాయి. లాగ్4జేలో ఈ పని చేసే రోలింగ్ ఫైల్‌లో, పరిమాణాన్ని బట్టి మార్చే నియమం పెట్టి పరిమితి రాయకపోతే 10 ఎంబీ, దాచే ఫైళ్ల సంఖ్య రాయకపోతే 7. ఫైలు పేరులో తేదీతో పాటు %ఐ కౌంటర్ (ఫైళ్లకు వరుస సంఖ్య ఇచ్చే గుర్తు, %i) కూడా ఉంటే, ఈ 7 మొత్తానికి కాదు, ఒక్కో తేదీకి విడివిడిగా. దీనికి రెండు ఫలితాలు. రద్దీ రోజున ఎనిమిదో ఫైలు నిండి మారేసరికి పొద్దుటి ఫైలు పోతుంది, సాయంత్రం వెతికితే ఉదయం జరిగింది దొరకదు. మరోపక్క పాత తేదీల ఫైళ్లను ఎవరూ తీయరు కాబట్టి డిస్క్ నిండుతూనే ఉంటుంది. వాటిని తీసేందుకు లాగ్4జే 2.5 నుంచి డిలీట్ అనే చర్య ఉంది. అందులో ఫైలు పేరు నమూనా, 30డీ (ముప్పై రోజులు) లాంటి వయసు, రెండూ రాయాలి. మొదట టెస్ట్‌మోడ్ ట్రూ పెట్టండి, దేన్ని తుడిచేస్తుందో చెబుతుందే గానీ తుడవదు. ఆ మాటలు ఇన్ఫో స్థాయిలో వస్తాయి కాబట్టి స్టేటస్‌ను (లాగ్4జే తన గురించి తాను చెప్పుకునే మాటల స్థాయి) కూడా ఇన్ఫోకు దించాలి.

పరిమాణాన్ని బట్టి ఫైలు మార్చమని చెప్పి, పేరులో %ఐ మరిచిపోతే కొత్త ఫైలు పాతదాని మీదే కూర్చుంటుంది. తేదీలో నెలకు పెద్ద ఎంఎం, నిమిషానికి చిన్న ఎంఎం. నెల ఉండాల్సిన చోట చిన్నది పడితే, రోజుకో ఫైలు కావాల్సింది నిమిషానికో ఫైలు అవుతుంది. ఒక్క అక్షరమే, కంటికి ఆనదు.

ఒకే వాక్యం ఫైలులో రెండుసార్లు కనిపిస్తే లైబ్రరీని తిట్టకండి. పిల్ల లాగర్‌కూ, అన్నిటికీ పైనుండే రూట్ లాగర్‌కూ ఒకే అపెండర్ (సందేశాన్ని ఫైలుకో కన్సోల్‌కో పంపే భాగం) తగిలించి ఉంటారు, పిల్ల లాగర్‌లో అడిటివిటీ (పై లాగర్‌కూ పంపడం) ఫాల్స్ అంటే సరిపోతుంది. వాడుకదారు ఇచ్చిన పాఠాన్ని లాగ్‌లో రాసేవాళ్లు ప్యాటర్న్‌లో %ఎన్‌కోడ్ గుర్తుకు సీఆర్ఎల్ఎఫ్ (కొత్త లైను గుర్తులు) ఎంపిక వాడాలి. లేదంటే మధ్యలో కొత్త లైను గుర్తు దూర్చి, జరగని లాగిన్‌ను జరిగినట్టు ఎవరైనా రాయించగలరు.

చివరగా, మార్పును సర్వర్ మీదికి పంపే ముందు పరీక్ష యంత్రంలో పరిమాణ పరిమితిని 10 కేబీకి దించండి. డీబగ్ నుంచి ఎర్రర్ వరకు ఒక్కో స్థాయిలో ఒక్కో వాక్యం రాయించి, ఏవి ఫైలులోకి చేరాయో కళ్లతో చూడండి. తర్వాత ఒక లూప్ పెట్టి ఫైలు కనీసం తొమ్మిదిసార్లు మారేదాకా నింపండి. ఏ ఫైలు మిగిలిందో, ఏది పోయిందో, జిప్ అయినది తెరుచుకుంటుందో లేదో అక్కడే తేలిపోతుంది.

ఇట్లు,
సర్వర్ల నిర్వహణ చూసే ఇద్దరు పాఠకులు