పార్కు దారికి వాటం కొలవండి, ఆ తర్వాతే బిల్లు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ చుట్టూ అర్బన్ ఫారెస్ట్ పార్కులు, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో నగరవనాలు వచ్చాయి. సంతోషం. గేటు దగ్గర ర్యాంపు కట్టి, చక్రాల కుర్చీ బొమ్మ వేస్తే దివ్యాంగులకు దారి వేసినట్టేనని చాలామంది అనుకుంటున్నారు. అసలు ఇబ్బంది ర్యాంపు దాటాకే మొదలవుతుంది. అందుకే దారి కొలతలు టెండరులోనే ఉండాలి.

ఎక్కువ తప్పు జరిగేది అడ్డవాటంలో. వాన నీరు పోవాలని మేస్త్రీ దారిని ఒక పక్కకు వాలుస్తాడు. అది అవసరమే. అయితే కంటి అంచనాతో వాలిస్తే మీటరుకు ఏడెనిమిది సెంటీమీటర్లు దిగిపోతుంది. నడిచేవాళ్లకు అది తెలియదు. చక్రాల కుర్చీ మాత్రం పల్లానికి లాగేస్తుంది. కూర్చున్న మనిషి పల్లం వైపు చక్రాన్ని ఒంటి చేత్తో తోస్తూ, రెండో చేత్తో ఎగువ చక్రాన్ని పట్టి ఆపుతూ పోవాలి. కాసేపటికే భుజం పట్టేస్తుంది. సిమెంటు, టైల్స్ దారికి మీటరుకు 2 సెంటీమీటర్లు, మట్టి దారికి 5 సెంటీమీటర్లు మించకూడదు.

ఇక ఎత్తు ఎక్కే వాటం. భవనాల ర్యాంపుకు చెప్పే 1:12 లెక్కను, అంటే 12 మీటర్ల పొడవుకు ఒక మీటరు ఎత్తును, కొండదారి పొడుగునా పెట్టలేం. అమెరికా అటవీ శాఖ కాలిబాటలకు పెట్టుకున్న నియమం మనకూ పనికొస్తుంది. 1:20 వాటమైతే ఎంత దూరమైనా పోవచ్చు. 1:12 అయితే 60 మీటర్లు, 1:10 అయితే 9 మీటర్లు, 1:8 అయితే 3 మీటర్లు మాత్రమే. ప్రతి ఎక్కుడు తర్వాత ఒకటిన్నర మీటర్ల చదును ఉండాలి. 1:12 కంటే నిటారుగా ఉన్న ముక్కలన్నీ కలిపినా మొత్తం దారిలో 30 శాతం దాటకూడదు. మన గుండ్రాళ్ల గుట్టల మీద బండ పగలగొట్టే బదులు, బండను చుట్టి దారి తిప్పితే వాటం దానంతటదే తగ్గుతుంది.

కొలవడానికి పెద్ద పరికరం అక్కర్లేదు. 120 సెంటీమీటర్ల రసమట్టం, అదే స్పిరిట్ లెవెల్, దారి మీద పెట్టి, బుడగ మధ్యకు వచ్చేదాకా పల్లపు కొసను ఎత్తండి. కొస కింద సందు 6 సెంటీమీటర్లుంటే 1:20, 10 ఉంటే 1:12. పది అడుగులకోసారి చూడాలి. సగటు తీస్తే తప్పు దాక్కుంటుంది.

పైపొర సంగతి. వదులుగా పోసిన కంకరలో కుర్చీ ముందుండే చిన్న చక్రాలు కూరుకుపోయి, మనిషి ముందుకు తూలిపడతాడు. ఏటి గులకరాళ్లు ఎంత రోలరు తిప్పినా ఒకదానికొకటి పట్టుకోవు. క్రషర్ యంత్రంలో పగలగొట్టిన కంకరను 10 నుంచి 15 సెంటీమీటర్లు పరిచి దిమ్మిస కొట్టి, పైన 5 సెంటీమీటర్ల క్రషర్ డస్టును, అంటే రాతి పొడిని, తడిపి రోలరు తిప్పితే గట్టిపడుతుంది. ఎగువ పక్కన కాలువ తీయకపోతే మొదటి పెద్ద వానకే అది కొట్టుకుపోయి రాళ్లు తేలుతాయి. నల్లరేగడిలో నేరుగా టైల్స్ పరిస్తే ఎండకు నేల పగిలి, వానకు ఉబ్బి, అంచులు లేస్తాయి. నిద్రగన్నేరు మొదలు పక్కన వేర్లు కూడా అలాగే అంచులను లేపుతాయి. సిమెంటు దారిలో ఒకటింపావు సెంటీమీటరు లేచిన అంచుకే చిన్న చక్రం తట్టుకుంటుంది. కాలువ మీది జాలీ సందులూ అంతకు మించకూడదు.

గేట్ల గురించి సూటిగా చెప్పాలి. బైకులు రాకుండా పెట్టే తిరుగుడు గేటు, ఇనుప పైపుల వంకర దారి ముందుగా ఆపేది దివ్యాంగులనే. చక్రాల కుర్చీ పట్టే సందులోంచి బైకు కూడా దూరుతుంది, దానికి మంత్రమేమీ లేదు. కనీసం 90 సెంటీమీటర్లు వదిలి, కాపలా మనిషిని పెట్టడమే దారి. చేత్తో తొక్కే ట్రైసైకిళ్లు ఇంకా వెడల్పు, వాటికి 120 అయినా ఉండాలి.

చూపు లేనివారికి అడవి దారి పొడుగునా గీతలు, బొడిపెలున్న పసుపు టైల్స్ అక్కర్లేదు. చేతికర్రకు తగిలేలా దారి అంచు తేడాగా ఉంటే చాలు, మలుపుల దగ్గర, మెట్ల ముందర టైల్స్ వేయాలి. వేలాడే కొమ్మలను 2.1 మీటర్ల ఎత్తు దాకా కొట్టేయాలి. కర్ర నేలనే తడుముతుంది, ముఖానికి తగిలే కొమ్మను చెప్పలేదు.

మొదట్లోనే తెలుగులో ఒక బోర్డు పెట్టాలి. దారి ఎంత పొడవు, ఎక్కడ ఎంత వాటం, ఎంత వెడల్పు, నేల ఎలాంటిది, బెంచీలు ఎక్కడున్నాయి అన్నవి రాయాలి. పోవాలో వద్దో ఎవరికి వారే తేల్చుకుంటారు.

దివ్యాంగుల హక్కుల చట్టం వచ్చింది 2016లో. దివ్యాంగులకు అందుబాటు ప్రమాణాలు సలహాల్లా ఉంటే చాలదని, తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న చెప్పింది. ఆ కేసులో కోర్టుకు నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వైకల్య అధ్యయన కేంద్రమే.

కాబట్టి అటవీ, పురపాలక శాఖలకు మా విన్నపం ఒక్కటే. చివరి బిల్లుకు ముందు, రోజూ చక్రాల కుర్చీ వాడే ఒకరిని, చేతికర్రతో నడిచే ఒకరిని తగిన పారితోషికమిచ్చి పిలిచి, బస్టాపు నుంచి దారి చివరిదాకా, అక్కడి మరుగుదొడ్డిదాకా తిరిగి చూడమనండి. వాళ్లు ఆగిన ప్రతిచోటా సున్నంతో గుర్తు పెట్టండి. గుత్తేదారు సొమ్ములో నిలిపి ఉంచే భాగాన్ని ఒక వానాకాలం గడిచి, అదే కొలత మళ్లీ తీశాకే విడుదల చేయండి.

ఇట్లు,
నడకదారుల పనులు చేసే సివిల్ ఇంజినీర్లు,
హైదరాబాద్