పాత కార్లకు చేసే మార్పులపై స్పష్టత కావాలి

సంపాదకుడు గారికి,

మా నాన్నగారు 1973లో కొన్న అంబాసిడర్ కారు ఇప్పటికీ తార్నాకలో మా ఇంటి ముందే ఉంది. ఇరవై ఏళ్ల కిందట ఇంజిన్ బ్లాకు పగిలిపోతే, అనుమతి తీసుకుని అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ బిగించి, కొత్త నంబరును ఆర్‌సీలో రాయించుకున్నాం. ఇప్పుడు వింటేజ్ రిజిస్ట్రేషన్ గురించి అడిగితే, ఇంజిన్ మారింది కనుక కుదరదని ఒక కార్యాలయంలో చెప్పారు. దరఖాస్తు పెట్టి చూడమని మరోచోట చెప్పారు.

కేంద్రం 2021లో తెచ్చిన నియమాల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, ఛాసిస్ (బండి చట్రం), బాడీ, ఇంజిన్ గణనీయంగా మారకుండా అసలు రూపంలోనే ఉన్న వాహనాలను వింటేజ్‌గా గుర్తిస్తారు. కొత్తగా నమోదైతే 20,000 రూపాయల రుసుము, ‘వీఏ’ సిరీస్ నంబరు, పదేళ్ల గడువు. అయితే ‘గణనీయమైన మార్పు’ అంటే ఎంతవరకు అన్నదే మా వంటివారి చిక్కు. అనుమతితో, అదే రకం ఇంజిన్ పెట్టించుకున్నవాడినీ, జపాన్ డీజిల్ ఇంజిన్ ఎక్కించినవాడినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు.

వింటేజ్ గుర్తింపు వచ్చినా ఆ బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తప్ప రోజువారీగా నడపకూడదు. రోజూ నడుపుకోవాలనుకునేవారికి, వాహనాల్లో చేసే మార్పులను నియంత్రించే మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఉండనే ఉంది. తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. బాడీ కోసి, సైలెన్సర్లు పీకి రోడ్ల మీద హోరెత్తించేవారిని అడ్డుకోవలసిందే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ డ్రమ్ము బ్రేకులున్న పాత కారుకు ముందు చక్రాల వరకైనా డిస్కు బ్రేకులు వేయించుకుంటానంటే, అది తప్పో ఒప్పో రాతపూర్వకంగా చెప్పేవారు నాకు ఇంతవరకు కనబడలేదు. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ పడే వీలున్నప్పుడు, ప్రాణరక్షణకు చేయించే పనికి కూడా మెకానిక్కులు జంకుతున్నారు.

మార్పులు చేసిన బండికి పాత నంబరు ఉంచాలో లేదో తేల్చడానికి బ్రిటన్‌లో ఏళ్ల తరబడి ఒక పాయింట్ల లెక్క నడిచింది. ఛాసిస్‌కు 5, సస్పెన్షన్, ఇరుసులు, గేర్ల వ్యవస్థ, స్టీరింగ్‌లకు రెండేసి, ఇంజిన్‌కు 1. మార్చకుండా ఉంచిన భాగాలకు కనీసం ఎనిమిది పాయింట్లు వస్తే పాత నంబరు నిలిచేది. ఇంజిన్‌కు ఒక్క పాయింటే ఇవ్వడం గమనించదగినది.

చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల 1912 నాటి రోల్స్ రాయిస్‌ను భద్రంగా చూసుకుంటున్న నగరం మనది. మధ్యతరగతి ఇళ్ల ముందున్న అంబాసిడర్లకు, పద్మినీలకు కూడా ఆ చరిత్రలో చోటుంది. కాబట్టి ఏ మార్పుకు అనుమతి అక్కర్లేదో, దేనికి ముందే తీసుకోవాలో, ఏది నిషిద్ధమో తెలుపుతూ రాష్ట్ర రవాణా శాఖ తెలుగులో ఒక పట్టిక విడుదల చేయాలి. అనుమతితో అదే రకం ఇంజిన్ మార్చుకున్న బండ్లను వింటేజ్ అర్హత నుంచి తప్పించవద్దని కేంద్రానికి కూడా రాయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, తార్నాక, హైదరాబాద్